బ్యాటరీ లేని రెక్కలు

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

పందొమ్మిదేళ్ళుగా ఒక మాట నా కడుపులో కుళ్ళుతోంది. ముందు అది రాస్తాను. పంట సంగతి తర్వాత.

ఆ ఏడు నేను పంపిన పొట్లవిత్తనాల సంచిలో తాలుగింజలు దొరికాయి. పైన పెంకు బాగానే ఉంది, లోపల పప్పు లేదు. ఒక్కో గింజకు సూది మొనంత రంధ్రం. ఏదో తిన్నదని నేను చెప్పాను. మా గాజుపాలేల్ని నడిపే కేంద్రం నుంచి వచ్చిన గుమాస్తా నవ్వాడు. పాలేల మీద కప్పిన ఈ గాజు కింద ప్రాణమున్న పురుగు లేదు, ఇక తినేదెవరని అడిగాడు. నేను చెప్పిందంతా రాసుకున్నట్టు రాసుకుని కాగితం నా ముందు పెట్టాడు. నాకప్పుడు అక్షరం రాదు. వేలిముద్ర వేశాను.

మూడేళ్ళ తర్వాత ఒకరు చదివి వినిపిస్తే తెలిసింది. ఆ కాగితంలో ఉన్నది ఇది: "విత్తనాలు సరిగా ఎండబెట్టలేదు. తప్పు నాది." నేను అనని మాట నా నోట పెట్టి, నా వేలితోనే ముద్ర వేయించుకున్నారు. నా చేతి పంటలో అశ్రద్ధ అనే మాట అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు.

యాభై రెండో ఏట పలక పట్టింది అందుకే. పదహారేళ్ళుగా ఈ పందిరి పుస్తకం నేనే రాస్తున్నాను. కార్తె కార్తెకూ ఇది కేంద్రానికి వెళుతుంది. చదువుతారో లేదో నాకు తెలియదు. అప్పటి నుంచి విత్తనాలు పంపే ముందు నీళ్ళలో వేసి, తేలినవి ఏరి పొయ్యిలో వేస్తున్నాను. దొంగచాటుగా పందిరిలోకి వచ్చి ఆ గింజల్ని సూదితో పొడుస్తున్నది కేంద్రం గిడ్డంగి వాళ్ళేనని నా అనుమానం. ఇంతవరకు ఎవరూ దొరకలేదు.

ఇక పంట. పగటి పూలన్నిటినీ రేకు ఈగలు, కేంద్రం చేసి పంపే బుల్లి యంత్రాలు, చూసుకుంటాయి. ఎండ తగిలినంతసేపు అవి ఎగురుతాయి, ఎండ దిగగానే పెట్టెలోకి పోతాయి. పొట్లపువ్వు ఎండ దిగాక విచ్చుకుంటుంది. అందుకని దానికి మనిషి కావాలి. మగ పువ్వు పుప్పొడి కుంచెకు అద్ది ఆడ పువ్వుకు తాటించాలి. ఆ పని తెలిసిన చెయ్యి ఆరు గాజుపాలేల్లో నాదొక్కటే మిగిలింది. ఆరు పాలేలూ వేసే పొట్లవిత్తనం నా పందిరి నుంచే పోతుంది. నన్ను చేతి పెద్ద అంటారు. ఊరికే అనరు.

నాలుగు రోజుల కిందట నీళ్ళతొట్టి మూత జారి నా కుడి మణికట్టు మీద పడింది. వాచింది. నాలుగు సాయంత్రాలు కుంచె పట్టలేదు. పుప్పొడి అందని పిందె రెండు రోజుల్లో పసుపెక్కి రాలిపోవాలి. ఈ పొద్దున చూస్తే ఉత్తరం వైపు తీగల్లో పిందెలు నిలబడి ఉన్నాయి. పచ్చగా, గట్టిగా, కొన్ని చిటికెన వేలంత సాగి.

ఎవరో నా పువ్వులు ముట్టుకుంటున్నారు.


ఆరుద్ర కార్తె, రెండో రోజు

మొదటి అనుమానం ఓబుళమ్మ మీద. నా చిన్నాన్న కొడుకు భార్య. వాడు పోయి తొమ్మిదేళ్ళు. పక్క పందిరిలో గోగు, చిక్కుడు చూసుకుంటుంది. పొద్దున్నే తన పందిరితో పాటు నా పందిరి కూడా ఊడుస్తుంది. రాలిన రేకు ఈగల్ని మధ్యాహ్నంలోపు రాలుపెట్టెలో వేయకపోతే పాలెం ఊరుకోదు, నాకేమో నడుము వంగదు. అందుకని నా పందిరి చుట్టూ ఉన్న గోడ తలుపు గడియ తీయడం ఆమెకు తెలుసు.

చీపురు పట్టుకుని ఉండగా అడిగాను.

"ఓబుళమ్మా, నా పువ్వుల జోలికి ఎవురొస్తాండారు?"

"ఈ వయసులో నాకు పువ్వులేంటికి బావా, తల్లో పెట్టుకునేదానికా?"

"ఎగతాళి వద్దు. కుంచె ఎవురు పట్టింది?"

"ఆ కుంచె దిండు కింద పెట్టుకోని పండుకుంటావు కదా నువ్వు. నేనెట్ల తీస్తాను? నిన్ను లేపి అడగల్నా?"

"నీకూ ఒక కుంచె ఉండొచ్చు."

ఆమె చీపురు గోడకు ఆనించింది. "బావా, నీ తమ్ముడు ఉన్నన్నాళ్ళూ నీ కుంచె గొప్ప చెప్పి చెప్పి నా చెవులు తినె. ఇప్పుడు నువ్వు నా మీద దొంగతనం మోపుతాండావు. నీ కాయలు నీకే కాస్తాండె కదా, నాకు కాయలేదు కదా. కాసినందుకు కూడా ఏడుస్తారా ఎవురన్నా?"

"కాసినందుకు కాదు. నేను ముట్టకుండా కాసినందుకు."

"అయితే తీగెనే అడుగుపో" అని మళ్ళీ ఊడ్వడం మొదలుపెట్టింది.

మాట సూటిగానే ఉంది. కానీ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.


ఆరుద్ర కార్తె, మూడో రోజు

పందిరి కింద బూడిద చల్లాను, జల్లెడ పట్టిన మెత్తటి బూడిద. పిల్లి నడిచినా గుర్తు పడుతుంది. గాజు కింద పిల్లులు కూడా లేవనుకోండి.

ఈ సాయంత్రం విచ్చుకునే ఆడ మొగ్గలు ఇరవై ఎంచాను. పదింటికి పలచటి గుడ్డ సంచులు కట్టి మూతికి దారం బిగించాను. ముడి నాది, ఇంకొకరు విప్పితే నాకు తెలుస్తుంది. పదింటిని అట్లాగే వదిలాను. వచ్చేవాడు వదిలిన వాటి దగ్గరికే వస్తాడు. బూడిదలో అడుగు పెట్టక తప్పదు.

ఓబుళమ్మకు ఈ మూడు రోజులూ ఊడ్వవద్దని చెప్పాను. ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా రాసి పెడుతున్నాను.


ఆరుద్ర కార్తె, ఆరో రోజు

బూడిద చల్లింది చల్లినట్టే ఉంది. నా అడుగులు తప్ప ఇంకొక గుర్తు లేదు. దారాల ముళ్ళు నావే.

సంచి కట్టిన పదీ రాలిపోయాయి. వదిలిన పదిలో తొమ్మిది నిలబడ్డాయి.

నేల మీద నడవలేదంటే గాలిలో వచ్చింది. గాలిలో వచ్చేది ఇక్కడ ఒకటే, రేకు ఈగ. అంటే ఎండ దిగాక కూడా ఎగిరే కొత్త రకం ఈగల్ని కేంద్రం తయారుచేసి, నాకు చెప్పకుండా నా పందిరిలో వదిలింది. అవి పని చేస్తాయని రుజువయ్యాక నన్ను కింది పాలెంలో ముసలివాళ్ళ హాలుకు పంపి, పందిరి ఇంకెవరికో ఇస్తారు. నాకు తట్టింది ఇది. ఇప్పటికీ కొట్టి పారేయలేను.

ఈగల పెట్టె చూసేవాడు మద్దిలేటి. పొద్దున వదలడం, సాయంత్రం లెక్క చూసి మూత వేయడం, రాలిన వాటిని మరమ్మతు షెడ్డుకు పంపడం అతని పని. నలభై ఏళ్ళవాడు, మనిషి మంచివాడే. కానీ జీతం కేంద్రానిది.

"మద్దిలేటీ, ఎండ దిగినాక తిరిగే ఈగలు ఎన్ని వచ్చినాయి మన పాలేనికి?"

"ఎండ దిగినాక తిరిగేది నువ్వొక్కనివే పెద్దాయనా."

"నాతో దాయొద్దు."

"ఏం దాస్తాను? రా, సూడు." పెట్టె మూత ఎత్తి చూపించాడు. అరల్లో ఈగలన్నీ వరసగా కూర్చుని ఉన్నాయి. "నాలుగు నూర్ల పన్నెండు పోయినాయి, నాలుగు నూర్ల తొమ్మిది వచ్చినాయి. మూడు రాలినాయి. అవి కూడా దొరికినాయి."

"వేరే పెట్టె ఉంటాది."

"ఉంటే ఇంత ఇరుకులో నేనెందుకు పండుకుంటాను, దాంట్లోనే పండుకుందును."

అబద్ధం చెప్పేవాడు అంత తొందరగా పెట్టె తెరవడు. లేదా ఆ పెట్టె తెరిచి చూపించడానికే ఉంది.


ఆరుద్ర కార్తె, ఏడో రోజు

చూశాను.

ఎండ దిగే వేళకు ఉత్తరం తీగ కింద స్టూలు వేసుకున్నాను. పుప్పొడి పక్వం చూసే భూతద్దం పట్టుకుని ఒక్క ఆడ పువ్వు మీదే కన్ను పెట్టాను. పువ్వు విచ్చింది, అంచుల్లో తెల్లటి దారాలు విడిపడ్డాయి. కాసేపటికి ఆ దారాల మీద ఒక నలుసు వాలింది. దుమ్మనుకుని ఊదబోయాను. అది నడిచింది.

నువ్వుగింజ కంటే కాస్త పొడవు. రెక్కలు ముడిచి ఇంటి కప్పులా వాలుగా పెట్టుకుంది. వట్టి కంటికి బూడిద రంగు. అద్దంలో చూస్తే మసి పట్టిన ఇత్తడిని ఒక్కచోట తోమినప్పుడు వచ్చే మెరుపు. ఒక్కో రెక్క మీద ఏటవాలుగా మూడు తెల్ల చారలు, కొసన నల్ల చుక్క ఒకటి. రెక్కల అంచుకు కుచ్చు. తల మీద తెల్ల జుట్టు, నా జుట్టులాగే దువ్వెన ఎరగనిది. మీసాలు ఒంటి కంటే పొడవు, వాటిని వీపు మీదికి వాల్చుకుంటుంది.

రాయాల్సింది దాని తొండం గురించి. మామూలుగా చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఇది వచ్చేసరికే అది పసుపుగా ఉంది, మగ పువ్వు పుప్పొడి దానికి మెత్తి ఉంది. ఆడ పువ్వు నడిమికి నడిచి వెళ్ళి, తొండం విప్పి, కీలాగ్రం మీద తాటించింది. మూడుసార్లు. ఆగింది. మళ్ళీ మూడుసార్లు.

నేను కుంచె తాటించేది అట్లాగే. మూడు, ఆగడం, మళ్ళీ మూడు. అది నాకు ఎవరూ నేర్పలేదు, నా చెయ్యి కనిపెట్టింది. ఈ పందిరిలో కూర్చుని నా చేతిని ఏళ్ళ తరబడి చూసినవాడు తప్ప ఇంకొకడు దాన్ని ఒక యంత్రంలో పెట్టలేడు. కేంద్రం నా చెయ్యి దొంగిలించిందనుకున్నాను.

బొటనవేలు పెట్టి నొక్కాను. బ్యాటరీ కోసం, తీగ కోసం అద్దంలో వెతికాను. వేలి మీద ఇత్తడి పొడి, కొంచెం తడి. అంతే. ఒక కాలు ఇంకా కదులుతోంది. తర్వాత ఆగింది.

అది ప్రాణం. నేను చంపాను. ఈ పుస్తకంలో నా తప్పులు కూడా రాస్తానని చెప్పుకున్నవాణ్ణి కనుక రాస్తున్నాను.

తర్వాత ఇంకొకటి వచ్చింది. దాన్ని ముట్టలేదు. తాటించడం అయ్యాక అది వెనక్కి తిరిగి తోక పిందెకు ఆనించి చాలాసేపు కదలకుండా కూర్చుంది. గుడ్డు పెడుతోందని నాకు తోచింది. పిందెలో గుడ్డు. గుడ్డులోంచి వచ్చేది ఏం తింటుంది? లోపల ఉన్నది గింజలే.

సూది మొనంత రంధ్రాలు చేసిందెవరో ఇప్పుడు నాకు తెలుసు. గిడ్డంగి వాళ్ళను పందొమ్మిదేళ్ళు తిట్టాను. వాళ్ళు తిట్లు తినే పనులు వేరే చాలా చేశారు కాబట్టి వెనక్కి తీసుకోను.


ఆరుద్ర కార్తె, ఎనిమిదో రోజు

చచ్చిన దాన్ని ఒక గాజు మూతలో పెట్టి ఓబుళమ్మకు చూపించాను. కొత్త సంగతి చెబుతున్నట్టు చెప్పాను.

ఆమె వంగి చూసింది. "ఇదా? దీనికేనా ఇంత? రోజూ ఊడ్చి రాలుపెట్టెలో వేస్తాండా కదా బావా!"

"ఏం వేస్తాండావు?"

"ఇవే. పిల్ల రేకులు. పొద్దున పది రాలింటాయి, ఒక దినం ఇరవై. రెక్కలున్నవి ఏవి రాలినా పెట్టెలో వేయల్ల అంటిరి కదా మీరే. చిన్నవని పారేస్తే మల్ల నామీదికొస్తారని ఏరి ఏరి వేస్తి. నా కండ్లు పోయె ఏరి ఏరి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను ఊడ్సబట్టినప్పటి నుంచి. ముందు మా అత్త వేస్తాండె."

నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది. దొంగతనం మోపినందుకు ఏదైనా అనాలని చూశాను, అంతలో ఆమే అంది: "దీనికి నీ పేరే పెట్టల్ల బావా. చిన్నది, జుట్టు రేగింది, ఒకరి మాట వినదు."

ఇద్దరం మద్దిలేటి దగ్గరికి వెళ్ళాం. రాలుపెట్టెలో వేసిన ప్రతిదానికీ మరమ్మతు షెడ్డు నుంచి చీటీ తిరిగి వస్తుంది. చీటీ పారేయకూడదని రూలు. మద్దిలేటి రూలు తప్పడు. తీగకు గుచ్చిన చీటీల దండలు గోడంతా వేలాడుతున్నాయి. మా పాలెం దండలు దించి కింద పరిచాడు. నేను కూడబలుక్కుని చదివాను.

"మోడల్ తెలియదు. బ్యాటరీ లేదు. రెక్క విరిగింది. కొలిమిలో వేశాం."

"మోడల్ తెలియదు. బ్యాటరీ లేదు. లోపల తడి. కొలిమిలో వేశాం."

"మోడల్ తెలియదు. ఇలాంటివి పంపేటప్పుడు దుమ్ము దులిపి పంపవలెను."

ఎన్నో చీటీలు. అన్నిటికంటే పాతది ఇరవై ఒక్క ఏళ్ళ కిందటిది. ప్రాణమున్న పురుగుల్ని ఏళ్ళ తరబడి మరమ్మతుకు పంపాం, వాళ్ళు బ్యాటరీ లేదని రాసి కాల్చారు. ఇటు ఊడ్చేవాళ్ళు గానీ అటు విప్పేవాళ్ళు గానీ ఇదేమిటని అడగలేదు. రెక్కలున్నది ఏదైనా కేంద్రానిదేనని అందరికీ అలవాటైపోయింది.

"నేను పంపేవాణ్ణే పెద్దాయనా, సదివేది నా పని కాదు" అన్నాడు మద్దిలేటి. ముఖం మాడ్చుకున్నాడు.

ఇంటికి వచ్చాక ఇంకొక సంగతి తట్టింది. అది రాయడానికి చెయ్యి రావడం లేదు. రేపు రాస్తాను.


ఆరుద్ర కార్తె, తొమ్మిదో రోజు

నేను రాయకముందే ఇంకొకరు వచ్చి చెప్పారు.

కేంద్రం నుంచి విత్తన తనిఖీ. వచ్చే ముందు చెప్పడం మానేశారు ఈమధ్య. వచ్చింది కుముద అనే ఆఫీసరమ్మ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. చెప్పులు బయట విడిచి పందిరిలోకి వచ్చింది. అంత మర్యాద చూపించినప్పుడే నేను జాగ్రత్త పడ్డాను. ఎండుకాయలు నాలుగు తీసి చీల్చింది. వాటి గింజల్ని నీళ్ళలో వేసి తేల్చే వేళ నాకు దొరకలేదు. ప్రతి కాయలోనూ నాలుగైదు గింజలు తాలు. ఒకదాంట్లో తెల్లటి పురుగు, అన్నం మెతుకులో సగం, ఇంకా బతికే ఉంది.

చాలాసేపు దాన్నే చూసింది. భయపడుతుందనుకున్నాను. కళ్ళు మెరిశాయి. అది చూసి నా అనుమానం ఇంకా పెరిగింది.

అప్పుడిక దాచి లాభం లేదని అంతా చెప్పాను. సాయంత్రం వరకు ఆగమన్నాను. ఆగింది. నా స్టూలు మీద కూర్చుని, నా భూతద్దంతో, తాటించడం చూసింది. మూడు, ఆగడం, మూడు. లేచాక ఆమె గొంతు మారింది.

"ఈరన్నగారూ, ఇది ఏ పుస్తకంలోనూ లేదు. దీనికి పేరు కూడా లేదు."

"అయితే మీ పేరు పెట్టుకుంటారా మేడం?"

"నా పేరెందుకు?"

"కేంద్రం వాళ్ళు ఊరికే రారు కాబట్టి అడుగుతాండా."

ఆమె నొచ్చుకుంది. నొచ్చుకున్నట్టు కనిపించింది. తర్వాత చెప్పింది. గింజలో పురుగు కనబడితే అదే రోజు రిపోర్టు పంపాలి, పంపకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. రిపోర్టు వెళ్ళిన తర్వాత పురుగుల్ని చంపే మందు పొగ పెట్టే పొగబండి వస్తుంది. ఆరు పాలేల్లోనూ ఒకేసారి, వచ్చే పునర్వసు కార్తె మూడో రోజు పొద్దున.

"పొగ పెడితే ఇవి?"

"ఒక్కటి కూడా మిగలదు."

"ఆపేదానికి లేదా?"

"ఒక దారి ఉంది. పంటకు పని చేసే ప్రాణిని కాపాడాలి, పంటను తినే ప్రాణిని తీసేయాలి. రూలు అది."

"నేను కూడా తింటాను మేడం."

"మీరు పని చేస్తారని రాసి ఉంది. ఇది పని చేస్తుందని ఎక్కడ రాసి ఉంది?" తన సంచిలోంచి కట్టలు తీసింది. నా పందిరి పుస్తకాలు, పదహారేళ్ళవి. చదువుతారో లేదో అనుకున్నాను కదా, ప్రతి పేజీకి గుర్తులు పెట్టి ఉన్నాయి. "మీరు రాసిందే చూడండి. 'ఈ సాయంత్రం ముప్పై పువ్వులు, అన్నీ చేత్తో పట్టినవి.' 'ఈ కార్తెలో నిలిచిన కాయలన్నీ నా చేతివే.' ప్రతి కాయా మీ చేతిదని ప్రతి కార్తెలో రాశారు. కేంద్రం చదివేది ఇదే. ఈ లెక్కన ఈ పురుగు చేసిన పని ఏమీ లేదు, గింజలు తినడం తప్ప."

నిన్న రాయలేకపోయింది ఇదే. పువ్వుల దగ్గర రోజూ నేను కుంచె తాటించాను. నేను వెనక్కి తిరగగానే అది వచ్చి తాటించింది. కాయ నిలిచింది. నా చెయ్యి అని రాసుకున్నాను.

"నేను రాసింది తప్పని మీ రిపోర్టులో మీరే రాయొచ్చు కదా" అన్నాను.

"పందిరి పుస్తకం దిద్దే హక్కు పందిరి పెద్దకే ఉంది. నేను రాస్తే కొట్టేస్తారు."

"నేను దిద్దితే నా చేతికి పని లేదని నేనే రాసిచ్చినట్టు."

చేతికి పని లేకపోతే చేతి పెద్ద ఉండడు. చేతి పెద్ద లేకపోతే ఈ పందిరి నాది కాదు. ఇదంతా నన్ను ఖాళీ చేయించడానికి వేసిన ఎత్తు కాదని నాకెట్లా తెలుస్తుంది? నా చేతే రాయించుకుని, పందిరి తీసుకుని, మూడో రోజు పొగ కూడా పెట్టరని నమ్మకం ఏమిటి? అదే అడిగాను.

"నమ్మకం నేను ఇవ్వలేను" అంది. రెండు పురుగుల్ని గాజు గొట్టంలో పెట్టుకుని వెళ్ళింది. నేనూ రెండింటిని పట్టి ఓబుళమ్మ దగ్గర దాచాను.


ఆరుద్ర కార్తె, పదో రోజు

ఒకరు చెప్పారని నా చేతిని నేను తగ్గించుకోను. ముందు పోటీ పెట్టి చూస్తాను.

మణికట్టు వాపు తీసింది. సాయంత్రం పది ఆడ మొగ్గలకు సంచులు కట్టి, విచ్చాక ఒక్కొక్కటే విప్పి, కుంచెతో పట్టి, మళ్ళీ కట్టాను. పదింటిని పురుగుకు వదిలాను. మద్దిలేటిని సాక్షిగా కూర్చోబెట్టాను. అతని మీద కన్నేసి ఉండమని ఓబుళమ్మను కూర్చోబెట్టాను.

"మరి నా మీద ఎవురు?" అంది ఆమె.

"నేను."

"నీ మీద?"

"నా మీద అక్కర్లేదు."

"అక్కర్లేదంట సూడు మద్దిలేటీ, తొమ్మిది దినాల నుంచి తన నీడని కూడా నమ్మనోడు."

మద్దిలేటి నవ్వి, నేను చూడగానే ఆపేశాడు. ఇరవై మొగ్గలకూ రంగు దారాలు కట్టించి ముగ్గురం గుర్తు పెట్టుకున్నాం. ఇంత బాగా కుంచె నేనెప్పుడూ పట్టలేదు. చెయ్యి వణకలేదు.


ఆరుద్ర కార్తె, పదమూడో రోజు

కుంచె పట్టిన పదిలో నిలిచినవి నాలుగు. పురుగు పట్టిన పదిలో తొమ్మిది.

మద్దిలేటి రెండుసార్లు లెక్కపెట్టాడు. ఓబుళమ్మ ఏదైనా ఎగతాళి చేస్తుందని చూశాను. చేయలేదు. "నాలుగు తక్కువేం కాదు బావా" అంది. ఆ మాట ఎగతాళి కంటే కష్టంగా ఉంది.

రేపు ఈ పుస్తకం కేంద్రానికి వెళుతుంది. ఇక్కడి నుంచి రాసేది కేంద్రం పెద్దాఫీసరుకు.

అయ్యా, నా పేరు ఈరన్న. ఎర్రగుట్ట గాజుపాలెం, ఏడో పందిరి. ఇది నా పుస్తకంలో నేను చేస్తున్న దిద్దుబాటు. నా ఇష్టంతో, చదివి, తెలిసి రాస్తున్నాను.

పదహారేళ్ళుగా "చేత్తో పట్టింది" అని నేను రాసిన ప్రతి చోటా ఆ మాట కొట్టేయండి. పదికి నాలుగు నావని వాదించవచ్చు. వాదించను. నేను ముట్టకపోయినా అవి నిలిచేవి. ఆరు పాలేలు తిన్న పొట్లకాయ ఈ పురుగు పెట్టింది.

అది పని చేస్తుంది. గుడ్డు పెట్టే ఆడదే ఆ పని చేస్తుంది, మగవి ఊరికే తిరుగుతాయి. మగ పువ్వు దగ్గర తొండానికి పుప్పొడి మెత్తుకుంటుంది. అద్ది చూసి చాలకపోతే మళ్ళీ మెత్తుకుంటుంది. ఆడ పువ్వుకు తాటించిన తర్వాతే గుడ్డు పెడుతుంది. తాటించకుండా గుడ్డు పెట్టినదాన్ని నేను చూడలేదు, ఆరు సాయంత్రాలు చూశాను. ఒక్కో కాయలో యాభై అరవై గింజలుంటే నాలుగైదు తింటుంది. పని చేసిన వాళ్ళకు తిండి పెట్టడం గాజు కింద తప్పు కాదు. నాకు అంతకంటే ఎక్కువ పెడుతున్నారు.

దీనికి పేరు మీ ఇష్టం. కుముద మేడం పేరు పెట్టినా నాకు పట్టింపు లేదు. నా పేరు మాత్రం వద్దు, ఎవరైనా అట్లా రాస్తే కొట్టేయండి.

మీరు పొగ పెడితే ఏం జరుగుతుందో కూడా రాస్తాను, తర్వాత చెప్పలేదనకుండా. పురుగు పోతుంది. మిగిలేది నా చెయ్యి. దానికి అరవై ఎనిమిదేళ్ళు, దాని లెక్క పైన రాశాను. నా తర్వాత కుంచె పట్టేవాళ్ళు లేరు, నేర్పమని మీరు ఒకరినీ పంపలేదు. నాలుగైదేళ్ళలో ఆరు పాలేల్లో పొట్లవిత్తనం ఉండదు.

పందిరి నా దగ్గర ఉంచుతారా తీసుకుంటారా అని ఇందులో అడగడం లేదు. ఆ రెండూ కలిపి జవాబు రాయొద్దు. పందిరికి బదులు పురుగు, పురుగుకు బదులు పందిరి అని బేరం పెడతారని నాకు అనుమానం ఉంది. అట్లాంటి కాగితం వస్తే తిప్పి పంపుతాను.

నాకు కావలసింది ఒకటే. పునర్వసు కార్తె మూడో రోజు పొద్దున రావలసిన పొగబండి వస్తుందా, రాదా? కాగితం మీద, మీ సంతకంతో. మద్దిలేటికి నోటితో చెప్పి పంపితే చెల్లదు. కుముద మేడం సంతకం కూడా చెల్లదు, ఆమె మంచిదే కావచ్చు, బండి ఆపే అధికారం ఆమెకు లేదు.

రెండో రోజు ఎండ దిగేలోపు ఆ కాగితం నా చేతికి అందాలి. అందకపోతే నేనూ ఓబుళమ్మా పందిరి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంటాం. మద్దిలేటి కూడా వస్తానన్నాడు, రాకపోవచ్చు. మనుషులు లోపల ఉండగా పొగ పెట్టకూడదన్నది మీ రూలే.

తీగ మీద ఆ సాయంత్రానికి విచ్చుకునే ఆడ మొగ్గలు ముప్పై ఏడు ఉన్నాయి. నేను కుంచె పట్టను. వాటి దగ్గరికి ఎవరు రావాలో మీరు తేల్చి, రెండో రోజు ఎండ దిగేలోపు నాకు చెప్పండి.